తలక్రిందులైన శబ్దతరంగము చెవికి తెలియునా?

ఒక హాలులో రెండు లౌడుస్పీకర్లు అమర్చి ఒకే పాటను రెంటిలోను వినిపించునప్పుడు, తీగెలు కలుపువాడు పొరపాటున ఒక స్పీకరుకు ఎర్రతీగె ఉండవలసిన చోట నల్లతీగెను బిగించెననుకొందము. పాట ఆగిపోదు. కాని మృదంగపు తొప్పి నుండి రావలసిన మంద్రధ్వని ఎక్కడికో ఇంకిపోవును. గాయకుడు రెండు స్పీకర్ల నడుమ నిలిచి పాడుచున్నట్లు గాక, ఎచటనున్నాడో తెలియని స్థితి ఏర్పడును. కారణము సులభమైనదే. ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టుచున్నప్పుడు రెండవది వెనుకకు లాగుచున్నది. ఒకటి చేసిన పనిని వేరొకటి చెరపుచున్నది.

అతడు పొరపాటు గ్రహింపక రెండవ స్పీకరు తీగెలను కూడ తారుమారు చేసెననుకొందము. ఇప్పుడు రెండును మరల కలసి పనిచేయును. మంద్రధ్వని తిరిగి వచ్చును, గాయకుడు తన చోటికి చేరును. వినువాడు తృప్తిపడును. అయినను గాలిలో జరుగుచున్నది మునుపటిది కాదు. మొదట గాలి నొక్కుకొనిపోయిన ప్రతి క్షణమున ఇప్పుడది పలచబడుచున్నది. పలచబడిన ప్రతి క్షణమున నొక్కుకొనుచున్నది. తరంగమును కాగితముపై గీసినచో, అద్దములోని కొండ చెరువులో కనబడినట్లు, శిఖరములన్నియు లోయలై, లోయలన్నియు శిఖరములైనవి. ఈ తేడా చెవికి తెలియునా?

ప్రశ్న చిన్నది. దీనికి సమాధానము వెదకుటలో నూటయేబది సంవత్సరములు గడచినవి. ఇద్దరు ముగ్గురు గొప్ప శాస్త్రజ్ఞుల కీర్తి ఇందులో చిక్కుకొన్నది. చెవి ఎట్టి యంత్రము అను పెద్ద ప్రశ్న దీని వెనుక నుండుటయే దానికి కారణము.

ఫ్రెంచి గణితజ్ఞుడైన ఫోరియే 1822లో ఉష్ణమును గూర్చి ప్రకటించిన గ్రంథములో ఒక అద్భుతమైన సూత్రమును నిరూపించెను. ఎంత వంకరగా నున్న తరంగమైనను, అది క్రమముగా పునరావృత్తమగునదైనచో, దానిని సరళమైన తరంగముల మొత్తముగా వ్రాయవచ్చును. సెకనుకు 100 కంపనములు గల స్వరములో 100, 200, 300, 400 ఈ రీతిగా అనుస్వరములు కలిసియుండును. ప్రతి అనుస్వరమును గూర్చి రెండు విషయములు చెప్పవలెను: అది ఎంత బలమైనది, అది ఏ క్షణమున తన ఊపును ప్రారంభించినది. ఈ రెండవ దానినే దశ యందురు. వీణకును వేణువునకును శ్రుతి ఒక్కటే యైనను నాదగుణము వేరుగా నుండుటకు అనుస్వరముల బలములు వేరగుటయే ప్రధాన కారణమని నేడు పాఠశాల విద్యార్థికి కూడ తెలియును. మరి దశ మాట ఏమి?

దీనిని స్పీకరు తీగెల ప్రశ్నతో ముడిపెట్టుట కష్టము కాదు. తరంగమును తలక్రిందులు చేసి, పిమ్మట దానిని సగము ఆవర్తనకాలము వెనుకకు జరిపి చూడుడు. 1, 3, 5 మొదలగు బేసి అనుస్వరములు యథాస్థానమునకు వచ్చును. 2, 4, 6 మొదలగు సరి అనుస్వరములు మాత్రము తలక్రిందులుగానే మిగులును. కనుక నిలుకడగా మ్రోగు స్వరమును తలక్రిందులు చేయుట యనగా సరి అనుస్వరముల దశలను మార్చుటయే, అంతకు మించి మరేమియు కాదు. క్లారినెట్టు యొక్క క్రింది స్వరములలో బేసి అనుస్వరములే బలముగా నుండుటచేత అట్టి స్వరమును తిరుగవేసినను దాదాపు అదే తరంగము వచ్చును. సన్నాయి గొట్టము శంకువు ఆకారము గలది. దానిలో సరి అనుస్వరములు కూడ బలముగా నుండును గనుక తిరుగవేసిన తరంగము వేరొక తరంగము.

జర్మనీలో ఆగస్టు జేబెక్ అను శాస్త్రజ్ఞుడు 1841లో సైరనుతో చేసిన ప్రయోగములను ప్రకటించెను. ఉష్ణవిద్యుత్తును కనుగొన్న థామస్ జేబెక్ కుమారుడితడు. అతని సైరను ఒక గుండ్రని పళ్లెము. దాని అంచున వరుసగా రంధ్రములుండును. పళ్లెమును త్రిప్పుచు గొట్టముతో గాలి ఊదినచో, ఒక్కొక్క రంధ్రము ఎదురు వచ్చినప్పుడు ఒక్కొక్క గాలిపోటు వెలువడి, పోట్లన్నియు కలిసి స్వరమగును. రంధ్రముల నడుమ దూరములను ఒకటి విడిచి ఒకటి కొంచెము హెచ్చుతగ్గులు చేసినప్పుడు, క్రింది శ్రుతి స్పష్టముగా వినబడెను. లెక్క ప్రకారము ఆ శ్రుతికి సరియైన మూలస్వరము చాల బలహీనముగా నుండవలెను.

విద్యుత్ప్రవాహ నియమముతో మనకు పరిచితుడైన గియోర్గ్ ఓమ్ 1843లో ఇందులోనికి దిగెను. చెవి ఫోరియే సూత్రమును ఆచరణలో పెట్టు యంత్రమని అతని అభిప్రాయము. ఒక శ్రుతి వినబడవలెనన్నచో ఆ కంపనసంఖ్య గల సరళతరంగము గాలిలో ఉండి తీరవలెను. జేబెక్ ఒప్పుకొనలేదు. పై అనుస్వరములన్నియు కలిసి మూలస్వరమును బలపరచునని అతడు వాదించెను. ఓమ్ 1844లో బదులు వ్రాయుచు, జేబెక్ విన్నది చెవి పొందిన భ్రమ మాత్రమేయని తేల్చెను. వినువాని అనుభవమును భ్రమయని కొట్టివేయుట వాదములో సులువైన ఎత్తే. కాని వినికిడిని గూర్చిన శాస్త్రములో వినువాని అనుభవము తప్ప వేరు సాక్ష్యమేమి కలదు? జేబెక్ 1849లోను, ఓమ్ 1854లోను మరణించిరి. తగవు తెగలేదు.

దానిని తెగగొట్టినవాడు హెల్మ్‌హోల్ట్స్. వైద్యుడు, శరీరశాస్త్రజ్ఞుడు, భౌతికశాస్త్రజ్ఞుడు అయిన ఈ మహామేధావి 1863లో స్వరానుభూతులను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. అందులో వర్ణింపబడిన యంత్రము ఆ కాలమునకు ఆశ్చర్యకరమైనది. వరుసగా శృతిదండములు నిలబెట్టబడినవి. మొదటిది మూలస్వరమును, తక్కినవి దాని అనుస్వరములను పలుకును. ఒక్కొక్క దండమును విద్యుదయస్కాంతము కదలించుచుండును. ఒక్కొక్క దాని ఎదుట అదే శ్రుతికి సరిపడు అనునాదక గొట్టము, దాని మూతికి జరుపుటకు వీలైన మూత యుండును. మూత తెరచినకొలది ఆ అనుస్వరము బలపడును. ఈ మూతలను ఆడించి హెల్మ్‌హోల్ట్స్ అచ్చుల ధ్వనులను పలికించెను. గొట్టపు శ్రుతిని కొంచెము తప్పించినచో ఆ అనుస్వరపు దశ మారును. బలమును సరిచేసి, దశను మాత్రము మార్చి, అతడు చెవి యొగ్గి వినెను. నాదగుణములో మార్పు కనబడలేదు. చెవి అనుస్వరముల బలములను మాత్రమే లెక్కించును, దశలను లెక్కింపదు అని అతడు నిర్ణయించెను.

కోక్లియాలో వేలకొలది తంతువులు పియానో తీగెలవలె వేర్వేరు శ్రుతులకు స్పందించుననియు, ఒక్కొక్క తంతువు ఒక్కొక్క నాడిని మేలుకొల్పుననియు హెల్మ్‌హోల్ట్స్ ఊహించెను. ఆ ఊహకు ఈ ఫలితము చక్కగా అతికినది. తీగె ఎంతగా ఊగినదో నాడి చెప్పును గాని, ఎప్పుడు ఊగనారంభించినదో చెప్పనక్కరలేదు గదా.

ఇచట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. హెల్మ్‌హోల్ట్స్ తన నియమమునకు హద్దు పెట్టెను. అతడు పరీక్షించినది క్రింది అనుస్వరములను మాత్రమే. ఒకదాని కొకటి మిక్కిలి దగ్గరగా నుండి పరస్పరము గరగరలాడు పై అనుస్వరముల విషయములో దశ కొంత పనిచేయవచ్చునని అతడు మినహాయింపు ఉంచెను. తరువాత పాఠ్యగ్రంథములు వ్రాసినవారు నియమమును భద్రపరచిరి, మినహాయింపును జారవిడిచిరి. శాస్త్రచరిత్రలో ఇది క్రొత్త కాదు.

రూడోల్ఫ్ కోనిగ్ అనునతడు పారిసులో ధ్వనిశాస్త్ర పరికరములు చేయుచు జీవించెను. మొదట వయొలిన్లు తయారుచేయు పని నేర్చినవాడు, విశ్వవిద్యాలయాచార్యుడు కాడు. కాని అతని శృతిదండములను కొనని ప్రయోగశాల ఆనాడు అరుదు. 1881లో అతడు తరంగ సైరనును వర్ణించెను. అనుస్వరములను కూడి వచ్చిన తరంగపు ఆకారమును లోహపు పట్టీ అంచున కత్తిరించి, దానిని త్రిప్పుచు సన్నని చీలికగుండ గాలి ఊదుటయే దాని పద్ధతి. అనుస్వరముల బలములను మార్పక దశలను మాత్రము మార్చి పట్టీలు కత్తిరించి వినిపించినప్పుడు ధ్వని మారెను. దశాభేదము పావు ఆవర్తనమైనప్పుడు స్వరము మిక్కిలి బిగ్గరగా, కరకుగా నుండెను. ముప్పావు అయినప్పుడు మెత్తగా నుండెను.

ఆ రెండు ఆకారములను గీసి చూచిన యెడల, ఒకటి రెండవదాని తలక్రిందుల రూపమేయని తెలియును. అనగా మన ప్రశ్నకు మొదటి ‘అవును’ చెప్పినది ఈ పనిముట్ల శిల్పి.

అతనికి వచ్చిన ఆక్షేపణ న్యాయమైనదే. పట్టీ అంచు ఆకారము గాలి తరంగముగా యథాతథముగా మారునని హామీ ఏమి? చీలిక ఎక్కువగా తెరుచుకొన్నప్పుడు గాలి ప్రవహించు తీరు వేరు, దాదాపు మూసుకొన్నప్పుడు వేరు. అట్లయినచో తలక్రిందులు చేసిన పట్టీ అనుస్వరముల బలములను కూడ మార్చివేయును. చెవి ఆ బలములలోని తేడానే వినియుండవచ్చును. తరువాత 1909లో అమెరికా ప్రమాణముల సంస్థలో లాయిడ్, ఆగ్న్యూ అనువారు విద్యుజ్జనకములతో అనుస్వరములు పుట్టించి టెలిఫోను రిసీవరులో విని, దశ వలన తేడా లేదనిరి. హెల్మ్‌హోల్ట్స్ పక్షము గెలిచినట్లు కనబడినది. అయినను ఆక్షేపణ రెండు వైపుల పదును గల కత్తి. పరికరము నిజముగా ఏమి పలుకుచున్నదో తెలియక చెవిని నిందించుటయు, పొగడుటయు తగదు.

ఇంతవరకు ఒక చెవి మాటయే నడచినది. మనకున్నవి రెండు. టెలిఫోను పుట్టిన ఒకటి రెండు సంవత్సరములకే, 1877-78లో, ఇంగ్లండులోని సిల్వానస్ థాంప్సన్ రెండు చెవులకు రెండు రిసీవర్లు తగిలించి, ఒకదాని తీగెలను తారుమారు చేసి చూచెను. ధ్వని చెవుల యొద్ద గాక తల వెనుక భాగమున పుట్టుచున్నట్లు తోచెను! ఏ ఒక్క చెవికిని తెలియని తేడా రెండు చెవులు కలిసినప్పుడు బట్టబయలైనది. 1907లో లార్డు రేలీ దీనికి అర్థము చెప్పెను. కుడి ప్రక్కనుండి వచ్చు శబ్దము ఎడమ చెవిని చేరుటకు కొంచెము ఆలస్యమగును. ఆ ఆలస్యము సెకనులో పదివేలవ వంతులు ఏడింటికి మించదు. మంద్రస్వరముల విషయములో ఆ కొలదిపాటి దశాభేదమును బట్టియే మనము శబ్దము వచ్చు దిక్కును గుర్తింతుము. రేలీ ఒకప్పుడు ఈ వాదమును నమ్మినవాడు కాడు. ప్రయోగము అతని మనసు మార్చెను.

దీనికంటె చిత్రమైనది 1948లో హార్వర్డులో ఐరా హర్ష్ చూపిన విషయము. రెండు చెవులలోను ఒకే రొద వినిపించుచు, ఆ రొదలో మునిగిపోయి వినరాని మంద్రస్వరమును రెంటిలోను కలిపిరి. పిమ్మట ఒక చెవిలోని స్వరమును మాత్రము తలక్రిందులు చేసిరి. రొద మారలేదు, స్వరపు బలము మారలేదు. స్వరము మాత్రము తేటగా బయటపడినది. అనుకూలమైన కంపనసంఖ్యల వద్ద ఈ లాభము 15 డెసిబెల్లుల వరకు నుండును. నాడులు దశను మెదడునకు మోసికొనిపోనిచో ఇది జరుగనే జరుగదు.

మోసికొనిపోవుచున్నచో, ఒక్క చెవి ఎందుకు చెవిటిదైనది? నిజముగా చెవిటిదేనా?

అనుమానమును తిరిగి లేపినవారు టెలిఫోను ఇంజనీర్లు. చాల దూరపు తీగెలమీద మంద్రధ్వనులకును తీవ్రధ్వనులకును ప్రయాణకాలము సమానముగా నుండదు. 1930లో బెల్ ప్రయోగశాలకు చెందిన స్టైన్‌బర్గ్, లేన్ అనువారు ఈ దశావికారము మాటను ఎట్లు చెరచునో ప్రకటించిరి. ఆలస్యములలోని తేడా సెకనులో కొన్ని వేయవ వంతులైనప్పుడు ఎవరి చెవికైనను తెలియును. ఇది హెల్మ్‌హోల్ట్స్ చూచిన మార్పుకంటె చాల పెద్దది, కనుక అతని నియమము చెక్కుచెదరలేదని వాదింపవచ్చును. హాలండులో షౌటెన్ 1938 మొదలు కాంతి సైరనుతో చేసిన ప్రయోగములు అట్లు వాదించుటకు వీలులేనివి. అతడు స్వరమునుండి 200 కంపనముల మూలస్వరమును పూర్తిగా తొలగించెను. శ్రుతి మాత్రము అదే 200. పై అనుస్వరములు కలసి ఆ శ్రుతిని పుట్టించుచున్నవి. ‘భ్రమ’యని కొట్టివేయబడిన జేబెక్ మాటకు నూరేండ్ల తరువాత న్యాయము జరిగినది.

1947లో మాథెస్, మిల్లరు అనువారు మూడు దగ్గరి స్వరములను కలిపి, నడిమి స్వరపు దశను పావు ఆవర్తనము మార్చిరి. ఒక స్థితిలో మొత్తము తరంగము ఉబ్బుచు కుంచించుకొనుచు నుండును. రెండవ స్థితిలో దాదాపు సమమట్టముగా నుండును. మొదటిది గరుకుగాను, రెండవది నునుపుగాను ఒక్క చెవికే వినబడెను. అనుస్వరముల బలములలో ఏ మార్పును లేదు. కారణమేమన, కోక్లియా ఆరు లేక ఎనిమిది వరకు గల అనుస్వరములను విడివిడిగా వేరు చేయగలదు. అంతకు పైవి ఒకే చోట గుమికూడి ఒకే నాడీతంతువులపై పడును. గుమికూడిన చోట ఎవరు ఎప్పుడు తోయుచున్నారను విషయము ముఖ్యమగును. హెల్మ్‌హోల్ట్స్ ఉంచిన మినహాయింపు సరిగా ఇదే! 1969లో ప్లాంప్, స్టేనెకెన్ అనువారు హాలండులో జాగ్రత్తగా కొలిచి, దశవలన నాదగుణము మారునుగాని, ఆ మార్పు బలములవలన కలుగు మార్పుకంటె స్వల్పమనియు, మంద్రస్వరములలోనే హెచ్చుగా నుండుననియు చూపిరి.

తలక్రిందుల ప్రశ్నకు కీలకము నాడి యొద్దనే దొరకినది. 1930లో ప్రిన్స్‌టనులో వీవర్, బ్రే అనువారు పిల్లి శ్రవణనాడికి తీగె తగిలించి, వేరొక గదిలోని టెలిఫోనులో వినిరి. పిల్లి చెవిలో చెప్పిన మాటలు ఆ గదిలో స్పష్టముగా వినబడెను. (వారు విన్నదానిలో చాల భాగము నాడిది కాదనియు, కోక్లియాయే మైక్రోఫోనువలె పుట్టించిన విద్యుత్తుదనియు వెంటనే తేలినది.) 1965లో నెల్సన్ కియాంగ్ పిల్లుల ఒంటరి నాడీతంతువులలోని ప్రచోదనములను నమోదు చేసెను. గాలిని ఒక్కసారి నొక్కు ‘టిక్కు’ శబ్దమును, ఒక్కసారి పలచబరచు ‘టిక్కు’ శబ్దమును వేర్వేరుగా వినిపించినప్పుడు, మంద్రశ్రుతులకు చెందిన తంతువులలో ప్రచోదనములు ఒకే క్షణమున రాలేదు. సగము ఆవర్తనకాలము తేడా వచ్చెను. 500 కంపనముల తంతువైనచో ఆ తేడా సెకనులో వేయవ వంతు.

ఏలయనగా కోక్లియాలోని రోమకణము రెండు వైపుల సమానముగా పనిచేయు పరికరము కాదు. దాని రోమములు ఒక వైపునకు వంగినప్పుడు నాడి మేల్కొనును, రెండవ వైపునకు వంగినప్పుడు శాంతించును. వాకిలి తలుపు లోపలికే తెరచుకొన్నట్లు, తరంగములోని ఒక సగమే నాడిని తట్టుచున్నది. స్థూలముగా చెప్పినచో గాలి పలచబడు సగము అది. నిటారైన శిఖరములు, వెడల్పైన లోయలు గల తరంగమును తిరుగవేసినచో నాడీప్రచోదనముల క్రమము మారక తప్పదు. సెకనుకు నాలుగైదు వేల కంపనములు దాటిన తరువాత నాడి ఒక్కొక్క ఊపును వెంబడింపలేదు. అచట ఈ విచక్షణ అంతరించును.

నాడికి తెలిసినంత మాత్రమున మనిషికి తెలిసినట్లు కాదు. అది చెప్పవలసినది పరీక్ష. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయములో లిప్‌షిట్స్, పోకాక్, వాండర్‌కూయ్ 1982లో ఫలితములు ప్రకటించిరి. 200, 400 కంపనముల రెండు స్వరములను కూర్చి తిరుగవేసినప్పుడు తలఫోనులలో తేడా తెలిసినది. లౌడుస్పీకరులో వినునప్పుడు దశల తేడాను గుర్తించుట చాల కష్టమైనది. గది గోడలనుండి మరలివచ్చు ప్రతిధ్వనులు దశలను కలచివేయును గదా. 1994లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున గ్రైనర్, మెల్టన్ పెక్కుమంది శ్రోతలతో పరీక్షించి దాదాపు అదే మాట చెప్పిరి. ఒంటరి వాద్యము, అసమతరంగము, సరళమైన సందర్భము అయినచో తేడా వినవచ్చును. వాద్యబృందపు సంగీతములో సామాన్యముగా వినబడదు.

ఈ పరీక్షలలో కోనిగ్‌ను వేధించిన చిక్కు మాత్రము వదలలేదు. లౌడుస్పీకరు పటలము ముందుకు పోయినంత సులువుగా వెనుకకు పోకపోవచ్చును. అట్టి స్పీకరులో తరంగమును తిరుగవేసినచో అనుస్వరముల బలములే కొంచెము మారును. తేడా విన్నవాడు చెవిని గాక స్పీకరును పరీక్షించినవాడగును. చెవి కూడ అంతే. బిగ్గరగా వినునప్పుడు 200 కంపనముల స్వరమునుండి చెవియే 400 స్వరమును కొంత పుట్టించుకొనును. బయటినుండి వచ్చిన 400 స్వరము దానితో కలిసిన బలపడును, ఎదిరించిన తగ్గును. సంగీతప్రియులు కొందరు తమ ఇంటి యంత్రములలో ఈ తేడా పగలు రాత్రివలె తెలియునని చెప్పుదురు. ఏది ఎప్పుడు వినిపించుచున్నారో తెలియకుండ పరీక్షింపబడినప్పుడు ఆ ధీమా నిలుచుట అరుదు. కొన్ని కంఠస్వరముల ముద్రణల విషయములో మాత్రము 1982 నాటి శ్రోతలు దశావికారమును నూటికి తొంబదితొమ్మిది పాళ్ల విశ్వాసముతో గుర్తించిరి.

కంఠస్వరమే కావుటలో వింత లేదు. స్వరపేటిక గాలిని పోట్లు పోట్లుగా వదలును గనుక మాట యొక్క తరంగము ఒక ప్రక్కనే నిటారుగా నుండును. మధ్యమతరంగ రేడియో ప్రసారము చేయు ఇంజనీర్లు దీనిని చెవితో గాక మీటరుతో తెలిసికొనిరి. వాహకతరంగమును శూన్యమునకు దిగువకు తగ్గించుట అసాధ్యము. పెంచుటకు మాత్రము కొంత వీలు కలదు. కంఠపు శిఖరములు పైవైపు ఉండునట్లు దిశను ఎన్నుకొన్నచో అదే ప్రసారిణి కొంచెము బిగ్గరగా వినబడును.

ముద్రణశాలలో మైక్రోఫోను మొదలు స్పీకరు వరకు ఎన్నో పరికరములు వరుసగా నుండును. వానిలో ఏ ఒక్కటి తిరుగబడినను మొత్తము తిరుగబడును. రెండు తిరుగబడినచో సరియగును. పలు మైక్రోఫోనులతో ముద్రించిన పాటలో మృదంగము సరిగాను, వయొలిను తలక్రిందులుగాను ఉండుట అసంభవము కాదు. అట్టి ముద్రణకు సరియైన దిశ ఏదియని అడుగుటలో అర్థమే లేదు. అమెరికాలోని ఆడియో ఇంజనీరింగు సొసైటీ 1995లో దీనికొక పద్ధతిని సిఫారసు చేసెను. మైక్రోఫోను పటలమును గాలి లోనికి నొక్కినప్పుడు ధనవోల్టేజి రావలెను. చివరకు స్పీకరు పటలము వినువాని వైపునకు కదలవలెను. అంతకు ముందటి రికార్డులపై ఏ దిశలో ముద్రించిరో తెలుపు గుర్తు సాధారణముగా నుండదు.